గట్టు మీద బంగళా: మామా అల్లుళ్ల సంవాదం

కృష్ణా జిల్లా మెట్టలో నీళ్లు అందే పొలానికి ఒక ధర, అందని పొలానికి ఒక ధర ఉండేవి. ఇప్పుడు నీళ్లు కనిపించే స్థలానికి మూడో ధర పలుకుతోంది. 2022లో జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరు మారినా నేల మారలేదు: పత్తి, మిరప, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు, వీటన్నిటి మధ్యలోంచి హైదరాబాదు–విజయవాడ హైవే. చెరువు గట్టునో కృష్ణ ఒడ్డునో ఒక బంగళా ఉంటే బాగుండునని అడిగే డబ్బున్నవాళ్లు ఈ హైవే మీదుగానే వస్తున్నారు. వాళ్లు అసలు కోరేదేమిటి, దాన్ని ఈ నేల ఇవ్వగలదా, ఇవ్వాలా అన్నదే ఇక్కడి తగువు. వాదించే ఇద్దరిలో ఒకరు నందిగామలో లేఅవుట్లు వేసి అమ్మే అల్లుడు. రెండోవారు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై, జగ్గయ్యపేటలో ఉంటున్న అతని మేనమామ.

అల్లుడు: మామయ్యా, కాదనే ముందు కొనేవాడు ఏం అడుగుతాడో వినండి. చేతిలో కోట్లున్నవాడు పడకగదులు ఎన్నని అడగడు. గదులు ఎక్కడైనా వస్తాయి. మొదటి ప్రశ్న ఏంటంటే, ‘పొద్దున బాల్కనీలోకి వస్తే నీళ్లు కనిపిస్తాయా? రేపు మధ్యలో ఇంకెవడైనా నాలుగంతస్తులు లేపితే నా గతేంటి?’ అని. రెండోది వాస్తు. నీళ్లు తూర్పున ఉండాలి, లేదా ఉత్తరాన. ఈశాన్యమైతే మారుమాట లేకుండా అడ్వాన్సు ఇస్తాడు. మూడోది హైవే దిగాక ఎంత దూరమని. నాలుగోది లింకు డాక్యుమెంట్లు, ఈసీ, రెరా నంబరు. ఐదోది పక్క ప్లాటు ఎవరిదని. ఇవన్నీ తేలాకే ఇంటి లోపలి లెక్కలు: కింద పెద్దవాళ్లకు గది, లిఫ్టు, పనివాళ్లకు వేరే మెట్లు, రెండు వంటిళ్లు.

మామ: వంటిళ్లు రెండెందుకురా?

అల్లుడు: ముందుది వచ్చినవాళ్లు చూడ్డానికి. వెనకది చేపల పులుసుకి, తిరగమోతకి. ఘాటు హాల్లోకి రాకూడదు.

మామ: చేపల వాసన రాకూడదు, చెరువు మాత్రం కనపడాలి. బాగుంది, చెప్పు.

అల్లుడు: ఎగతాళి తర్వాత చేద్దురుగాని. ఇవి ఏడాదంతా కాపురం ఉండే ఇళ్లు కావు. సంక్రాంతికి, వేసవి సెలవులకి, ఇంట్లో పెళ్లికి వచ్చి వెళ్లే ఇళ్లు. తాళం వేసి వెళ్లాక చూసుకునే మనిషి కావాలి, కెమెరాలు కావాలి. డాలస్‌లో కూర్చుని ఫోన్‌లో తన గేటు తను చూసుకుంటాడు. ఊళ్లో పుట్టి, ఊరొదిలి సంపాదించినవాడికి సొంత జిల్లాలో నీళ్ల ముందు ఇల్లుందని చెప్పుకోవడం కూడా ఒక సంపాదనే. దానికి అతను డబ్బు పెడతానంటే మనకేం నష్టం?

మామ: సంక్రాంతికి, వేసవికి వస్తాడన్నావు. సంక్రాంతికి చెరువులో నీళ్లుంటాయి. మే నెలలో?

అల్లుడు: అప్పుడూ ఉండాలనే కోరతాడు.

మామ: అక్కడే వచ్చింది. చెరువు నీళ్లు నిలబెట్టుకుని చూసుకోవడానికి కట్టింది కాదు, నిలబెట్టి వదలడానికి కట్టింది. వానాకాలంలో నిండుతుంది, అలుగు పారుతుంది. నాట్లకి తూము ఎత్తుతారు. నీళ్లు తగ్గేకొద్దీ శిఖం బయటపడుతుంది, గొడ్లు మేస్తాయి. ఎండాకాలానికి పూడిక తీసి ఆ ఒండ్రు పొలాలకు తోలుకుంటారు. మే నెలలో నెర్రెలిచ్చిన నేల కనిపిస్తే చెరువు చచ్చిందని కాదు, తన పని తను చేసిందని అర్థం. నీ కస్టమరు డబ్బిచ్చేది మాత్రం కదలని నీళ్లకి. పన్నెండు నెలలూ ఒకే మట్టంలో నిలబడే చెరువు ఈ మెట్టలో ఎక్కడుంది?

అల్లుడు: చెరువు వద్దంటే జలాశయం ఉంది. పులిచింతల నిండితే 45.77 టీఎంసీలు. జగ్గయ్యపేటకి కూతవేటు దూరం. అది చిన్న కుంట కాదుగదా ఎండిపోవడానికి?

మామ: పులిచింతల కట్టింది కృష్ణా డెల్టాకి వేళకు నీళ్లు అందించడానికి. దానికి ఇంజినీరు కె.ఎల్.రావు గారి పేరు పెట్టారు. డెల్టాలో నారుమడి పడితే ఇక్కడ మట్టం దిగుతుంది. 2021 ఆగస్టు 5 గుర్తుందా? తెల్లవారుజామున 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. నిండుకుండలా ఉన్న జలాశయాన్ని, స్టాప్‌లాగ్ బిగించడానికి, రోజుల వ్యవధిలో దాదాపు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ వారం అక్కడ బాల్కనీ ఉన్నవాడు ఏం చూసేవాడు? ఎదురుగా కనిపించే నీళ్లు ఎవరివో, ఎవరి ఉత్తర్వు మీద కదులుతాయో తెలియకుండా దాని ముందు ఇల్లు కొనడమంటే, పక్కవాడి గొడ్డు పాలకి మనం బయానా ఇవ్వడమే.

అల్లుడు: అట్టా అయితే ప్రపంచంలో ఎవరూ నీళ్ల పక్కన ఇల్లు కొనకూడదు. మన అమ్మాయి వాళ్లుండే అట్లాంటా చూడండి. ఫోర్‌సైత్ కౌంటీ నిండా మనవాళ్లే. పక్కనే లేక్ లేనియర్. దాని చుట్టూ ఇళ్లకి ఎంత గిరాకీ! అది కూడా డ్యాము వెనక నీళ్లేగా?

మామ: అక్కడికి పోయి వచ్చానుగా. అక్కడ ఒడ్డు ఎవరిదని అడిగాను. అమెరికా సైన్యం ఇంజినీర్ల విభాగానిదట. ఇల్లు మనది, ఒడ్డు మనది కాదు. పడవ కట్టుకునే చెక్కల రేవుకి కూడా వాళ్ల పర్మిట్ కావాలి, చెట్టు కొట్టాలన్నా అడగాలి. 2007 కరువులో నీటిమట్టం నిండు మట్టానికి దాదాపు 20 అడుగులు కిందికి దిగి ఆ రేవులన్నీ ఎర్రమట్టిలో కూలబడ్డాయి. కొన్నవాళ్లు గొణిగారు, అంతే. నీళ్లకీ ఇంటికీ మధ్య పట్టీ ప్రజలదని అక్కడ డబ్బున్నవాడు కూడా ఒప్పుకుని కొంటాడు. నువ్వు అమెరికా బాల్కనీ తెస్తున్నావు, అమెరికా గట్టు నియమం తేవడం లేదు.

అల్లుడు: నియమాలు మనకీ ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనల్లోనే రాశారు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. నది అయితే పట్టణ హద్దుల బయట 100 మీటర్లు, లోపల 50. నేను ఆ దూరం వదిలే లేఅవుట్ వేస్తాను. చట్టం ఒప్పుకున్నాక ఇక అభ్యంతరమేంటి?

మామ: 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తావు?

అల్లుడు: నీళ్ల అంచు నుంచి.

మామ: ఏ నెల నీళ్ల అంచు? జనవరిలో కొలిస్తే ఒకటి, ఏప్రిల్‌లో కొలిస్తే ఇంకోటి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి అలుగు మీద నీళ్లు పారేనాటి మట్టం. అది నేల మీద కనిపించదు, లెవెల్ యంత్రం పెట్టి తేల్చాలి. మీ మనుషులు స్థలం చూపించేది ఎండాకాలంలో. నేల ఆరి, కారు చెరువు మధ్యదాకా పోతుంది. రాళ్లు అక్కడ పాతుతారు. రెండేళ్లు వాన సరిగా పడకపోతే మూడో ఏట అది చెరువన్న సంగతే కొన్నవాడికి తెలియదు. నాలుగో ఏట నీళ్లు వచ్చి చెబుతాయి.

అల్లుడు: అది దొంగ వ్యాపారి సంగతి. అందరినీ ఆ గాటన కట్టకండి. హైదరాబాదు చూడండి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ప్రభుత్వమే వేలం వేసింది. అక్కడి టవర్లన్నీ గండిపేట నీళ్లు చూపించే అమ్ముతున్నారు. ఇదంతా తప్పే అంటే సర్కారు ఖజానా కూడా తప్పుడు డబ్బే.

మామ: గండిపేట ఎందుకు కట్టారో చెప్పు ముందు. 1908లో మూసీ వరద హైదరాబాదుని ముంచితే, విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, ఆయన చెప్పినట్టు ఉస్మాన్‌సాగర్, అంటే నీ గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో పూర్తయింది, ఇంకోటి 1927లో. వరద ఆపడానికి, తాగునీటికి. వాటిని కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి, చుట్టూ 10 కిలోమీటర్ల లోపలి 84 గ్రామాల్లో కట్టడాలకి పగ్గం వేశారు. 2022లో ఆ పగ్గం వదులు చేశారు. కోకాపేట ధర ఒక్కటే చెప్పావు. మరుసటి ఏడాది సంగతి చెప్పవేం? 2024 జులైలో ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ పెట్టారు. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట పక్కనున్న ఎన్ కన్వెన్షన్‌ని కూల్చారు. యజమాని అది ఆక్రమణ కాదని వాదించాడు, ఆ రోజే హైకోర్టు స్టే ఇచ్చింది, అప్పటికే అది నేలమట్టం. ఆ నెలలోనే దుర్గం చెరువు చుట్టూ కోట్ల విలువైన ఇళ్లకి నోటీసులు అంటించారు. రిజిస్ట్రేషనుంది, బ్యాంకు లోనుంది, ఇంటిపన్ను రసీదుంది. అన్నీ ఉన్నా నిద్ర లేదు.

అల్లుడు: అన్ని కాగితాలూ ఇచ్చిన సర్కారే వచ్చి కూలిస్తే తప్పు ఎవరిది? కొన్నవాడిదా? మన ఉండవల్లి కరకట్ట దగ్గర ప్రజావేదిక ఎవరు కట్టారు? ప్రభుత్వమే. 2019 జూన్‌లో ఎవరు కూల్చారు? ప్రభుత్వమే. ఎన్ని ఊళ్లలో చెరువు పూడ్చి బస్టాండులు, ఆఫీసులు కట్టలేదు? హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ అని స్టాపు ఉంది, ట్యాంకు ఏది? అప్పుడు నోరెత్తనివాళ్లు, డబ్బున్నవాడు ఒక బంగళా అంటే మాత్రం చట్టాల పుస్తకం తీస్తారు.

మామ: ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. సర్కారు చేసిన ఆక్రమణ కూడా ఆక్రమణే. కానీ ఒక తప్పుని చూపించి ఇంకో తప్పుకి రాజముద్ర వేయమంటే ఎట్టా? 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. పంజాబులో ఒక ఊరి చెరువు స్థలం. ఎన్నేళ్లుగా ఉంటున్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టుకున్నా, ఊరి ఉమ్మడి స్థలాన్ని క్రమబద్ధం చేయడానికి అది కారణం కాదంది. పెట్టిన ఖర్చు రక్షణ కాదని దేశపు పెద్ద కోర్టు చెప్పాక, ఎక్కువ ఖర్చు పెట్టేవాడే ఎక్కువ భయపడాలి.

అల్లుడు: సరే, హద్దు కచ్చితంగా తేల్చాం అనుకోండి. ఇప్పుడు నా అసలు వాదన వినండి. ఈ మెట్టలో చెరువుల గతేంటో మీకు తెలియదా? సాగర్ కాలువ వచ్చాక చెరువుని పట్టించుకున్నవాడు లేడు. కట్ట మీద సర్కారు తుమ్మ, తూము దగ్గర ప్లాస్టిక్, అలుగు పగిలినా అడిగేవాడు లేడు. శిఖంలో రైతులే పత్తి వేస్తున్నారు. చేపల గుత్తేదారు కోళ్ల వ్యర్థాలు వేస్తే అడిగేవాడు లేడు. అదే గట్టున పాతిక బంగళాలు వస్తే? వాళ్లు కలెక్టరుకి ఫోన్ చేయగలరు. డబ్బు వేసుకుని పూడిక తీయించగలరు. వాసన వస్తే ఊరుకోరు. చెరువుకి ఇన్నాళ్లకి నోరున్న కాపలాదారు దొరుకుతాడు.

మామ: దొరుకుతాడు. కాపలా దేనికి కాస్తాడన్నదే ప్రశ్న. నవంబరులో ఆయకట్టు రైతు వచ్చి తూము ఎత్తమంటాడు. బంగళావాడు, ‘డిసెంబరులో మా అబ్బాయి పెళ్లి, అప్పటిదాకా నీళ్లు తగ్గించకండి’ అంటాడు. ఆగస్టులో ముసురు పట్టి నీళ్లు వాళ్ల పచ్చగడ్డి మీదికి ఎక్కితే, అలుగు ఎత్తు తగ్గించమంటాడు. ఏ ఫోనైతే చెరువుని కాపాడుతుందన్నావో ఆ ఫోనే తూముకి తాళం వేస్తుంది. ఇప్పుడు ఉన్న శత్రువు నిర్లక్ష్యం. దానికి పని చేతకాదు గానీ, పని ఆపాలని పట్టుదల లేదు. డబ్బు పెట్టి దృశ్యం కొనుక్కున్నవాడికి ఆ పట్టుదల ఉంటుంది. అతను చెడ్డవాడని కాదు. అతనికి కావాల్సింది నీళ్లు నిలవడం, చెరువుకి కావాల్సింది నీళ్లు కదలడం. ఈ రెండూ ఒక గట్టు మీద ఇమడవు.

అల్లుడు: కాపలా కాయకపోయినా కనీసం శుభ్రంగా ఉంచుతారుగా?

మామ: బెంగళూరు బెళ్ళందూరు చెరువు చుట్టూ ఉన్నది పేదలా? మన పిల్లలే ఎంతమంది అక్కడ అపార్టుమెంట్లు కొన్నారు. చుట్టూ ఇళ్లు వచ్చాయి, మురుగు చెరువులోకి వచ్చింది. నురగ రోడ్డెక్కింది. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువుకి నిప్పంటుకుని పొగ లేచింది. నీళ్లు చూపించి అమ్మిన కిటికీలు వాసనకి మూసుకున్నారు. ఇల్లు కట్టేటప్పుడు నీళ్లు ఎట్టా కనిపిస్తాయని గీస్తారు గానీ, తన ఇంటి మురుగు ఎటు పోతుందని గీయరు. పల్లం ఎటుంటే అటే పోతుంది. చెరువు ఉండేదే పల్లంలో.

అల్లుడు: మురుగు శుద్ధి చేసే ప్లాంటు మేమే పెడతాం.

మామ: ఏడాదిలో పది నెలలు తాళం వేసి ఉండే ఇళ్లకి ఆ ప్లాంటు కరెంటు బిల్లు ఎవడు కడతాడు? సరే, అది వదిలేయ్. వాస్తు సంగతి తేల్చు. నీ కస్టమరుకి నీళ్లు ఉత్తరాన కావాలి. మన మెట్ట వాలు మొత్తం మీద ఎటు?

అల్లుడు: కృష్ణ వైపు. దక్షిణానికి.

మామ: వాలు దక్షిణానికైతే చెరువు కట్ట దక్షిణాన ఉంటుంది, నీళ్లు కట్టకి ఉత్తరాన పరుచుకుంటాయి. నీళ్లు చక్కగా కనిపించే మెరక ఆ నీళ్లకి ఇంకా ఉత్తరాన. అక్కడ ఇల్లు కడితే నీళ్లు దక్షిణమవుతాయి. దక్షిణం పల్లం, దక్షిణం నీళ్లు: వాస్తు చూపించుకునేవాడు ఆమడ దూరం పరిగెడతాడు. నీళ్లు ఉత్తరాన రావాలంటే కట్ట దిగి కింద కట్టాలి. అప్పుడు ఎదురుగా కనిపించేది కట్ట మట్టి, పునాదిలోకి వచ్చేది ఊట, కట్ట తెగితే ముందు మునిగేది ఆ ఇల్లే. చూపు పైన ఉంది, వాస్తు కింద ఉంది. రెండూ కలిసే చోటు నువ్వు చూపించు.

అల్లుడు: ముక్త్యాల. అక్కడ కృష్ణ ఉత్తరవాహిని. ఒడ్డు మనది, నది తూర్పున. సూర్యోదయం నీళ్ల మీద. అందుకే కదా వాసిరెడ్డి రాజాలు అక్కడ కోట కట్టుకుంది! డబ్బున్నవాడు నీళ్ల పక్కన ఉండాలనుకోవడం నిన్న మొన్నటి పిచ్చి కాదు మామయ్యా. జగ్గయ్యపేటని తండ్రి పేరున నిలబెట్టిన వెంకటాద్రి నాయుడు గారు కూడా చివరికి అమరావతిలో కృష్ణ ఒడ్డునే కొలువున్నారు.

మామ: మంచి చోటే చెప్పావు. ముక్త్యాల రాజా రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారి సంగతి తీసుకో. ఆయనకి ఇంటి ముందే కృష్ణ. చూసుకుంటూ కూర్చోవచ్చు. కూర్చోలేదు. తన ముందు నుంచి పోతున్న నీళ్లు ఎగువ మెట్టకి ఎక్కాలని నందికొండ దగ్గర ఆనకట్ట కోసం ఏళ్లతరబడి తిరిగారు. 1952లో ఖోస్లా కమిటీ వస్తే ఆ చోటు చూపించడానికి ఊళ్లవాళ్లతో కలిసి దారి వేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. ఆ ఎడమ కాలువ చివరన ఉన్నది మన జగ్గయ్యపేట, నందిగామ పొలాలే. నీళ్ల పక్కన ఉన్న శ్రీమంతుడు నీళ్లని తన గోడ లోపలికి తెచ్చుకోలేదు, ఊరి పొలంలోకి పంపాడు. ఆయన్ని సాక్షిగా పిలిస్తే నీకు కాదు, నాకే చెబుతాడు.

అల్లుడు: అందరూ రాజాలు కాలేరు. కనీసం ముక్త్యాల వైపు ఇల్లు కట్టుకోవడం తప్పు కాదంటారా?

మామ: వంద మీటర్లు వదిలి, వరద చరిత్ర చూసి, మెరక మీద కట్టుకుంటే ఎవరికి తప్పు? మన జగ్గయ్యపేట ధనబోడు చూడు. ఇక్ష్వాకుల కాలంనాటి శాసనాలున్న స్తూపం. 1882లో బర్జెస్ తవ్వించాడు. కింద పాలేరు పారుతుంది, పైన గుట్ట మీద స్తూపం. అక్కడి బౌద్ధ భిక్షువులకీ నీళ్లు కావాలి, చూపూ కావాలి. అయినా ఏటి దగ్గర ఉన్నారు గానీ ఏట్లో కూర్చోలేదు. మనం మాత్రం ఏరు సన్నగా ఉన్న రోజున చూసి, అదే ఏరనుకుంటాం. 2023 జులైలో మున్నేరు ఐతవరం దగ్గర హైవే ఎక్కింది, హైదరాబాదు రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే గోస. జగ్గయ్యపేట వీధుల్లోకి నీళ్లు, సరిహద్దులో పాలేరు పొంగు, విజయవాడలో బుడమేరు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. హైవే దిగాక ఎంత దూరమని అడుగుతాడన్నావు. ఆ రోజు హైవే మీదికే ఎవరూ రాలేకపోయారు.

అల్లుడు: వరద ఏడాదికి నాలుగు రోజులు. మిగతా రోజుల సంగతి? రైతు వైపు నుంచి చూడండి. చెరువు పైన మెరక పొలం. బోరు లేదు, కాలువ అందదు. మిరప రేటు పడిపోతే అప్పు. రెండెకరాలు అమ్మితే కూతురి చదువు గట్టెక్కుతుంది. ఆ పొలం విలువ పెంచింది నేను తెచ్చిన కస్టమరే. చెరువు పేరు చెప్పి ఆ అమ్మకం ఆపితే నష్టపోయేది బంగళావాడు కాదు, ఈ రైతు.

మామ: ఆ మెరక పట్టా పొలం అమ్ముకోవద్దని ఎవరన్నారు? నేను అడ్డం చెప్పేది నీళ్ల పట్టీకి. నీ బ్రోషరులో ‘ప్రైవేటు లేక్ ఫ్రంట్’ అని వేశావే, దానికి. చెరువు ముందు వరస నీ గోడ మూసేస్తే, గొడ్లు నీళ్లకి ఎటు దిగాలి? చాకిరేవు ఎక్కడ? మత్స్యకార సంఘం వాళ్లు వల ఎక్కడ వేయాలి? వినాయకుడిని ఎక్కడ కలపాలి? అయినా ముందు వరసవాడికి నువ్వు అమ్మేది ఎవరి సొమ్ము? వెనక ఉన్న ఊరందరి చూపూ. ఊరికి ఒక్క పైసా రాకుండా ఊరి చెరువుని నువ్వు ప్లాటుతో కలిపి అమ్ముతున్నావు.

అల్లుడు: మరేం చేయమంటారు? ఒక దారి చెప్పండి. కాదనడం తేలిక.

మామ: చెబుతాను. నీళ్లకీ మొదటి గోడకీ మధ్య బఫరు వదిలి, దాని అంచున ఊరి దారి వేయి. గేటు లేని దారి. గొడ్లూ పోతాయి, నీ కస్టమరూ పొద్దున నడుస్తాడు. హుస్సేన్‌సాగర్ కట్టి నాలుగున్నర శతాబ్దాలైంది. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలున్నాయి గానీ ఎవరి బంగళా లేదు. అందుకే సాయంత్రం అందరూ వెళ్తారు. ఇళ్లు ఆ దారికి పైన, మెరక మీద కట్టు. ప్లాటు తీసుకునేటప్పుడే కాగితం మీద రాయించు: నీటిమట్టం మీద, తూము మీద, అలుగు మీద ఇంటివాళ్లకి హక్కు లేదు, ఆయకట్టుదే నిర్ణయం అని. మే నెలలో ఎండిన చెరువు ఫొటో కూడా బ్రోషరులో వేయి.

అల్లుడు: ఆ ఫొటో వేస్తే ఎవడు కొంటాడు మామయ్యా! మధ్యలో పబ్లిక్ రోడ్డంటే సగంమంది వెనక్కి పోతారు. వాళ్లు డబ్బిచ్చేదే జనం కనపడకుండా ఉండటానికి.

మామ: పోయేవాడు పోతాడు. జనం కనపడకూడదనుకునేవాడు ఊరి చెరువు పక్కకి రావడమే పొరపాటు. పొలం మధ్యలో పదెకరాలు కొని సొంత గుంట తవ్వించుకోమను, పన్నెండు నెలలూ నింపుకోమను. మిగిలిన సగంమందికి నువ్వు ఒక మాట గట్టిగా చెప్పగలవు: ఎదురుగా ఎవరూ కట్టలేరు, కూల్చడానికి ఎవరూ రారు. నువ్వు మొదట చెప్పిన చిట్టాలో మొదటి ప్రశ్న అదేగా? మధ్యలో ఎవడైనా లేపితే ఏంటని? దానికి పూచీ నీ మాట కాదు, ఆ పబ్లిక్ రోడ్డే.

అల్లుడు: రోడ్డు సంగతి ఆలోచిస్తాను. ఆ మాట చెప్పి అమ్మొచ్చు. తూము మీద హక్కు లేదని రాయించడానికీ నాకు అభ్యంతరం లేదు. ఎండిన చెరువు ఫొటో మాత్రం వేయను.

మామ: నువ్వు వేయకపోతే కొనేవాడే మే నెలలో వచ్చి తీసుకుంటాడులే.

ఇద్దరి వాదనా ఇక్కడ ఆగింది. ఇక తీర్పు. అల్లుడి మాటల్లో రెండు నిలబడతాయి. మెట్ట చెరువుల్ని ఇప్పటికే ఊరూ సర్కారూ కలిసి వదిలేశాయి. మెరక పట్టా పొలం మంచి ధరకు అమ్ముకునే హక్కు రైతుకి ఉంది. కానీ నీళ్లకి ఎంత దగ్గరైతే అంత విలువ అన్న అతని లెక్క తప్పు. ఎఫ్‌టీఎల్ లోపలి ప్లాటుకి పెట్టిన డబ్బు చెరువు చోటుకి పెట్టిన డబ్బు. వానో, కోర్టో, అధికారో ఏదో ఒక రోజు వచ్చి ఆ చోటు వెనక్కి అడుగుతారు. చెరువు ముందు మంచి ఇల్లు అంటే నీళ్లు కనిపించే మెరక మీద, నీళ్లకీ గోడకీ నడుమ ఊరి దారి ఉన్న ఇల్లు.

కొనబోయేవారికి ఒక మాట. రెరా నంబరు బిల్డరు మాటకి పూచీ, నీటి హద్దుకి కాదు. గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం), పాత అడంగల్ తీయించి ఆ సర్వే నంబరు చెరువు, వాగు, పోరంబోకు కింద ఉందేమో చూడండి. రిజిస్ట్రేషన్ల 22ఏ నిషేధిత జాబితాలో వెతకండి. నీటిపారుదల శాఖ నుంచి ఎఫ్‌టీఎల్ హద్దు రాతపూర్వకంగా అడగండి. స్థలాన్ని మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి చూడండి. ఆయకట్టు రైతుని ఒకరిని కలిసి, 2024 సెప్టెంబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. ఆయన చూపించిన చోటుకి పైన కట్టుకోండి.